అడవిలో మొదటి సర్వే: లాంటానా పొదల కింద ఏం మొలుస్తోందో లెక్కగట్టడం ఎలా

నల్లమలలో అటవీశాఖ ఏ రేంజ్‌కి వెళ్ళినా రోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే లాంటానా తగులుతుంది. నారింజ, గులాబీ రంగుల పూలగుత్తులు, చర్మాన్ని గీరేసే కొమ్మలు. అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దం మొదట్లో అలంకార మొక్కగా మన దేశానికి తెచ్చారు. పండ్లు తిన్న పిట్టలు గింజల్ని అడవంతా చల్లాయి. నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. అది అడవిని మింగేస్తోందని అందరం అంటుంటాం. మరి ఫలానా బీటులో (ఒక ఫారెస్ట్ గార్డు చూసుకునే అడవి ముక్కలో) దాని కింద తునికి, ఇప్ప, నల్లమద్ది మొలకలు ఎన్ని ఉన్నాయి అని అడిగితే చెప్పేవాళ్ళు దొరకరు. ఎవరో ఒకరు వంగి లెక్కపెడితే తప్ప అది తెలియదు.

ఈ పని బోటనీ, జువాలజీ, ఫారెస్ట్రీ చదివే విద్యార్థులు ముగ్గురు కలిసి ఒక సీజన్‌లో చేయగలరు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఓపిక కావాలి, ఒక క్రమం కావాలి. ఆ క్రమం ఎలాగో చెబుతాను.

ముందు ప్రశ్న

"నల్లమల జీవవైవిధ్యం మీద ప్రాజెక్టు చేస్తాం" అని బయల్దేరినవాళ్ళు చాలామంది చివరికి ఒక పేర్ల జాబితాతో తిరిగొస్తారు. జాబితాకి దాని ఉపయోగం దానికుంది గానీ, దానితో ఏ సంగతీ తేలదు. మీ ప్రశ్న ఒక్క వాక్యంలో ఇమడాలి, దానికి అవుననో కాదనో జవాబు రావాలి. ఇక్కడ మనం తీసుకుంటున్న ప్రశ్న ఇది: లాంటానా లేని చోటుతో పోలిస్తే, దట్టంగా ఉన్న చోట చెట్ల మొలకలు తక్కువగా ఉన్నాయా? దానికి తోడుగా ఇంకొకటి: దుప్పులు, కణితులు (సాంబర్ జింకలు) ఈ రెండు చోట్లకీ ఒకేలా వస్తున్నాయా?

ప్రశ్న కింద, అందులోని ప్రతి మాటకీ కొలత రాసుకోండి. నేలలో సగానికి పైగా లాంటానా కప్పేస్తే "దట్టం". ఇరవయ్యో వంతు కూడా లేకపోతే "లేదు". 50 సెంటీమీటర్ల ఎత్తు లోపు ఉంటే మొలక. అంతకంటే ఎత్తుండి, కాండం చుట్టుకొలత 10 సెంటీమీటర్లు దాటకపోతే లేత చెట్టు. దాటితే చెట్టు. మీరు వేరే అంకెలు పెట్టుకున్నా ఇబ్బంది లేదు, కాకపోతే లోపలికి వెళ్ళకముందే పెట్టుకోండి. అక్కడికెళ్ళాక చూద్దాంలే అనుకుంటే, పొద్దున ఓపికగా ఉన్నప్పుడు ఒక కొలత, మధ్యాహ్నం ఎండకి సోలిపోయినప్పుడు ఇంకో కొలత అయిపోతుంది.

అనుమతి

అభయారణ్యంలో గానీ టైగర్ రిజర్వ్‌లో గానీ పరిశోధన చేయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్, తెలంగాణ వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్: కృష్ణకి ఇటూ అటూ ఒకే అడవి అయినా 2014 తర్వాత రెండు రాష్ట్రాలకీ వేర్వేరుగా దరఖాస్తు పెట్టుకోవాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో మూడు నాలుగు పేజీల ప్రతిపాదన రాయండి. ఏ రేంజ్, ఏ నెలలు, ఎంతమంది, ఏం ముట్టుకుంటారు, ఏం ముట్టుకోరు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. ఆకు, కొమ్మ, గింజ, పేడ ఏది సేకరించాలన్నా ఆ మాట విడిగా రాసి విడిగా అనుమతి తీసుకోవాలి. ఫైలు కదలడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి అక్టోబర్‌లో పని మొదలుపెట్టాలంటే వేసవిలోనే దరఖాస్తు వేసేయండి.

అనుమతి రాకపోతే టెన్షన్ పడకండి. యూనివర్సిటీ క్యాంపస్‌లోని చిట్టడవిలో, ఊరి దేవుడి పేరున వదిలేసిన తోపులో, ఊరి పక్క గుట్ట మీద సొంతదారుల, పంచాయతీ అనుమతితో ఇదే పద్ధతి పనికొస్తుంది. లాంటానా అక్కడా ఉంటుంది.

ఎవరితో వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి

చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) ఉండేవాళ్ళు చాలామంది అటవీశాఖలో వాచర్లుగా, ట్రాకర్లుగా పనిచేస్తున్నారు. రేంజ్ ఆఫీసులో అడిగి అలాంటి ఒకరిని తోడు తీసుకోండి. రోజు కూలి ముందే మాట్లాడుకుని, ఏ రోజుది ఆ రోజే ఇచ్చేయండి. ఆయన్ని దారి చూపించే మనిషిగా మాత్రమే చూడకండి. ఆకు రాలిపోయిన చెట్టుని బెరడు చూసి, చిన్న గాటులోంచి వచ్చే వాసన చూసి ఆయన గుర్తుపడతాడు. అది మనం తరగతి గదిలో నేర్చుకోని విద్య. రిపోర్టులో పేరు వేయొచ్చా అని ఆయన్నే అడగండి, సరేనంటే వేయండి.

కాలం విషయానికొస్తే, మొలకలు లెక్కపెట్టడానికి వానలు వెనకబట్టాక అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బాగుంటుంది. ఫిబ్రవరి దాటితే చాలా చెట్లు ఆకు రాలుస్తాయి, గుర్తుపట్టడం కష్టం. జంతువుల పెంటికలు లెక్కపెట్టడానికి మాత్రం ఎండాకాలమే మేలు, ఎందుకంటే వానకి కరిగిపోతాయి, పేడపురుగులు మోసుకుపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోత ఉంటుంది, అడవిలో మనుషుల రాకపోకలు ఎక్కువ. అందుకని రెండు విడతలుగా పెట్టుకోండి: మొక్కలకి నవంబర్, పెంటికలకి ఫిబ్రవరి.

చోటు ఎంచుకోవడం

ఎక్కువ సర్వేలు ఇక్కడే దెబ్బతింటాయి. నడవడానికి వీలుగా ఉందని బాట పక్కనే ప్లాట్లు (కొలవడానికి హద్దులు పెట్టిన నేల ముక్కలు) వేస్తారు. బాట పక్కన పశువులు తిరుగుతాయి, వెలుతురు ఎక్కువ పడుతుంది, లాంటానా సహజంగానే ఎక్కువ. అలా కొలిస్తే వచ్చేది బాట లెక్క, అడవి లెక్క కాదు.

బీటు మ్యాపు మీద గళ్ళు గీయండి. గళ్ళకి నంబర్లు వేసి, చీటీలు రాసి, డబ్బాలో కలిపి పదిహేను తీయండి. వచ్చిన గడి మధ్యబిందువు దగ్గరికి జీపీఎస్‌తో వెళ్ళండి. కొండ అంచో చెరువో వస్తేనే ఇంకో చీటీ తీయాలి. "దూరంగా ఉంది" అన్నది కారణం కాదు. రోడ్డుకి 100 మీటర్ల లోపు పడే గళ్ళని చీటీలు రాసేటప్పుడే వదిలేయండి.

ఆ బిందువు దగ్గర నిలబడి, 50 మీటర్ల లోపు అన్నిటికంటే దగ్గరగా ఉన్న దట్టమైన లాంటానాలో ఒక ప్లాటు, అదే వాలు, అదే రకం నేల ఉన్న లాంటానా లేని చోట ఇంకో ప్లాటు వేయండి. ఇలా జతలుగా వేయడానికి గట్టి కారణం ఉంది. లాంటానా ఎక్కడపడితే అక్కడ రాదు. చెట్టు కూలి వెలుతురు పడిన చోట, నిప్పంటుకున్న చోట, పశువులు మేసిన చోట ముందు వస్తుంది. అక్కడ మొలకలు తక్కువున్నాయంటే దానికి లాంటానాయే కారణమా, అంతకుముందు జరిగిన నష్టమా? పక్కపక్కనే జత వేస్తే ఈ అనుమానం పూర్తిగా పోదు గానీ చాలావరకు తగ్గుతుంది.

ప్లాటు వేయడం, కొలవడం

సరంజామా: 50 మీటర్ల టేపు, దర్జీ టేపు, 10 మీటర్లకొక ముడి వేసిన నైలాన్ తాడు, నాలుగు చెక్క మేకులు, పీవీసీ పైపుతో చేసిన 1 మీటర్ × 1 మీటర్ చట్రం, దిక్సూచి, క్లిప్‌బోర్డు, పెన్సిళ్ళు. పెన్ను వద్దు, మంచుకి, చెమటకి సిరా పాకిపోతుంది. నిండు చేతుల చొక్కా, తోలు చేతి తొడుగులు, పొడవు బూట్లు తప్పనిసరి. లాంటానా కింద గోమార్లు ఎక్కువ, ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపండి.

ప్లాటు 10 × 10 మీటర్లు. మూల సరిగ్గా లంబంగా రావాలంటే తాపీమేస్త్రి కిటుకు ఒకటుంది: ఒక పక్క 3 మీటర్లు, ఇంకో పక్క 4 మీటర్లు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 మీటర్లు వచ్చేదాకా తాడు జరపండి. నాలుగు మేకులూ పాతాక ఎదురెదురు మూలల మధ్య కొలవండి, 14 మీటర్ల 14 సెంటీమీటర్లు రావాలి.

తాడు తీయకముందే లాంటానా ఎంత ఉందో కొలిచేయండి. టేపుని ఒక కర్ణం వెంబడి, తర్వాత రెండో కర్ణం వెంబడి పరచండి. టేపు మీద లాంటానా వాలిన పొడవుల్ని కూడండి. రెండు కర్ణాలూ కలిపి 28.28 మీటర్లు. అందులో 17 మీటర్ల మీద లాంటానా ఉంటే 60 శాతం అన్నమాట. కంటి అంచనాతో "బాగా ఎక్కువ" అని రాసేకంటే ఇది ఎంతో నమ్మకం.

చెట్ల చుట్టుకొలతని నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే ఛాతీ దగ్గర కొలుస్తారు. మన అటవీశాఖ లెక్కలన్నీ ఆ ఎత్తునే. వాలు మీద ఉన్న చెట్టుని పైవైపు నిలబడి కొలవండి. 1.37 మీటర్ల కిందే చీలిన చెట్టుకి ఒక్కో కాండాన్నీ విడిగా కొలిచి, ఒకే చెట్టు అని గుర్తు వేయండి. గీత మీద పడిన చెట్టు మొదలులో సగానికి పైగా లోపలుంటే లోపలిదే. చుట్టుకొలతని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. ఆ లెక్క అడవిలో చేయకండి, కొలిచింది కొలిచినట్టే రాసుకోండి.

ఇక అసలు పని, మొలకలు. చట్రాన్ని నాలుగు మూలల్లో, మూల నుంచి ఒక మీటరు లోపలికి, నాలుగుసార్లు పెట్టండి. మోకాళ్ళ మీద కూర్చోవాలి. లాంటానా కొమ్మల్ని కర్రతో ఎత్తి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు చూడాలి. ముందు కర్రతో తట్టి పాములు లేవని చూసుకోండి. ఎండుటాకుల్ని మెల్లగా వేళ్ళతో జరిపితే కింద వేలెడంత మొలకలు కనిపిస్తాయి. అక్కడ తునికి దగ్గర ఆగాలి. తునికి గింజ నుంచీ మొలుస్తుంది, వేళ్ళ నుంచి పిలకలుగానూ లేస్తుంది. ఆకు కోత కోసం చెట్టు కొట్టినా, నేల మంట పాకినా పిలకలు గుబురుగా వస్తాయి. పిలక కాండం పుట్టిన చోటే లావుగా ఉంటుంది, చాలాసార్లు రెండు మూడు కలిసి లేస్తాయి. గింజ నుంచి వచ్చింది ఒంటరిగా, సన్నగా ఉంటుంది, మొదటి రోజుల్లో రెండు గింజాకులు ఇంకా అంటుకునే ఉంటాయి. తవ్వి చూడకండి. తెలిస్తే "గింజ", "పిలక" అని రాయండి, తెలియకపోతే "తెలియదు" అని మూడో గడి ఒకటి పెట్టుకోండి. ఈ తేడా రాయకుండా అన్నిటినీ కలిపి "తునికి 12" అని రాస్తే, మంట తర్వాత వచ్చిన పిలకలు చూసి అడవి బాగా పుంజుకుంటోందని పొరబడతాం.

పేర్ల దగ్గర తొందరపడొద్దు. షీటు మీద "మద్ది" అని రాస్తే చాలదు: నల్లమద్ది టెర్మినేలియా ఎలిప్టికా, తెల్లమద్ది టెర్మినేలియా అర్జున. తోడొచ్చినాయన చెప్పిన పేరు అలాగే రాసుకుని, ఫోటోలు తీయండి: ఆకు పైవైపు, కిందివైపు, కొమ్మకి ఆకులు ఎలా అమరాయో, బెరడు, ఉంటే పువ్వు, కాయ. పక్కన స్కేలు పెట్టండి. పోల్చలేని మొక్కకి "తెలియని 1", "తెలియని 2" అని నంబరు ఇచ్చి, అదే మొక్క మళ్ళీ కనిపిస్తే అదే నంబరు వాడండి. తర్వాత మీ కాలేజీ హెర్బేరియంలోనో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు), హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రంలోనో చూపించి పేరు తెలుసుకోవచ్చు.

జంతువుల జాడ

ప్లాటు పక్కనే 2 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవున్న పట్టీ వేసి పెంటికల కుప్పలు లెక్కపెట్టండి. కణితివి పెద్దవి, చుక్కల దుప్పివి చిన్నవి. మేకలు మేసే బీటులో దుప్పివీ మేకవీ కలిసిపోతాయి, అనుమానం ఉంటే అనుమానమనే రాయండి. కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక) మళ్ళీ మళ్ళీ ఒకే చోట పెంటికలు వేస్తుంది, కాబట్టి ఒక పెద్ద కుప్ప కనబడితే పది జంతువులు వచ్చాయనుకోకండి. ఎలుగు పేడ కనబడితే కర్రతో విప్పి గింజలు చూడండి: రేల, రేగు, నేరేడు, తునికి. మొలకల ప్రశ్నకి ఇది నేరుగా పనికొస్తుంది. గింజల్ని మోసుకొచ్చేవాళ్ళు ఎవరో తెలుస్తుంది.

జంతువుల సంఖ్యే కావాలంటే ట్రాన్సెక్ట్, అంటే ముందే గీసుకున్న తిన్నని గీత వెంట, నడవాలి. 2006 నుంచి నాలుగేళ్ళకొకసారి జరిగే జాతీయ పులుల గణనలో బీటు సిబ్బంది ఇలాగే 2 కిలోమీటర్ల గీత మీద నడుస్తారు, కాబట్టి మీ బీట్ ఆఫీసర్‌కి ఈ పని తెలిసే ఉంటుంది. తెల్లవారగానే, చప్పుడు చేయకుండా, నిదానంగా నడవండి. దుప్పుల గుంపు కనబడితే మొదట చూసినప్పుడు గుంపు మధ్యభాగం ఎంత దూరంలో ఉంది, మీ గీత నుంచి ఎంత కోణంలో ఉంది, ఎన్ని ఉన్నాయి అన్నవి రాయండి. దూరం 40 మీటర్లు, కోణం 30 డిగ్రీలు అయితే, గీత నుంచి గుంపు లంబదూరం 20 మీటర్లు. దూరాల్ని 10, 20, 50 అని గుండ్రంగా రాసే అలవాటు అందరికీ ఉంటుంది, అది లెక్క మొత్తాన్నీ పాడుచేస్తుంది, అందుకే దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ అరువు తెచ్చుకోండి. సాంద్రత నమ్మకంగా తేలాలంటే ఒక్కో జంతువుకి 60 నుంచి 80 సార్లు కనబడాలి. ఒక సీజన్‌లో ముగ్గురికి అది కష్టం. మన ప్రశ్నకి పెంటికల పట్టీ చాలు.

కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదుటికి రాగానే వాటంతట అవే ఫోటో తీసే కెమెరాలు) ఆకర్షణీయంగా ఉంటాయి గానీ మొదటి సర్వేకి అవసరం లేదు. ఎప్పుడైనా వాడితే మోకాలి ఎత్తున, బాటకి అటూ ఇటూ జతగా పెట్టండి, ఎందుకంటే పులి కుడిపక్క చారలు ఎడమపక్క చారల్లా ఉండవు. గడియారం సరిగ్గా ఉందో లేదో చూడండి, ముందున్న గడ్డి కోసేయండి, లేకపోతే గాలికి ఊగే గడ్డి ఫోటోలే వస్తాయి.

భద్రత గురించి ఒక్క మాట. ఎలుగులు పగటిపూట లాంటానా పొదల్లో, వాగు గట్టున పడుకుంటాయి. ప్లాట్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. మౌనం ట్రాన్సెక్ట్ మీదే, అక్కడ కూడా ముందు ట్రాకరే నడవాలి. ఆయన వెనక్కి వెళ్దామంటే ప్రశ్న వేయకుండా వెళ్ళిపోండి.

సున్నా కూడా రాయాలి

చట్రం పెట్టారు, ఒక్క మొలకా లేదు. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. నెల తర్వాత ఆ ఖాళీ చూసి, అక్కడ ఏమీ లేదా, మనం చూడలేదా అన్నది ఎవరూ చెప్పలేరు. "0" అని రాయండి. పెంటికలు లేని పట్టీకి కూడా అంతే.

దీని విలువ మన కడప జిల్లా కలివికోడి కథలో కనిపిస్తుంది. 1848లో శాస్త్రం పేరు పెట్టిన పక్షి, 1900 తర్వాత పరిశోధకులెవరికీ కనబడలేదు. అంతరించిందనుకున్నారు. 1986లో లంకమల దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రివేళ దాన్ని పట్టాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చారు. రాత్రిపూట తిరిగే ఆ పక్షిని పదేపదే చూడటం దాదాపు అసాధ్యం. అందుకని 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టితో సన్నని పట్టీలు పరిచి, పొద్దున్నే వెళ్ళి మూడు వేళ్ళ పాదముద్రలున్నాయేమో చూశారు. జాడ పడిన పట్టీలతో పాటు పడని పట్టీల చుట్టూ కూడా పొదలు ఎంత దట్టంగా ఉన్నాయో కొలిచారు. ఆ పక్షికి మరీ బోడి నేలా పనికిరాదు, మరీ చిక్కటి పొదా పనికిరాదు, మధ్యస్థంగా ఉండాలి అని తెలిసిందంటే ఆ సున్నాల వల్లనే. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ ఆవాసంలోకి వచ్చినప్పుడు, పక్షి ఎక్కడ తిరుగుతుందో చూపించే రికార్డులు చేతిలో ఉన్నాయి. కాలువ దారి మార్చారు.

సాయంత్రం పని, తర్వాత లెక్క

క్యాంపుకి రాగానే స్నానం కంటే ముందు షీట్లన్నిటికీ ఫోటో తీయండి. అదే రాత్రి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. అర్థం కాని అక్షరం ఆ రోజైతే గుర్తుంటుంది. ఒక మొక్కకి ఒక వరుస, ఒక కొలతకి ఒక నిలువు గడి. రంగులు పూసి గుర్తులు పెట్టుకోవద్దు, సాఫ్ట్‌వేర్‌కి రంగు అర్థం కాదు.

ఉదాహరణకి, లాంటానా లేని 15 ప్లాట్లలో 60 చట్రాలకి 90 మొలకలు వచ్చాయనుకుందాం. చదరపు మీటరుకి 1.5, హెక్టారుకి 15,000. లాంటానా కింద 60 చట్రాల్లో 36 వస్తే హెక్టారుకి 6,000. తేడా పెద్దదిగానే ఉంది, కానీ అక్కడితో ఆగకండి. ఆ 90లో 40 ఒకే ఇప్పచెట్టు కింద ఒకే చట్రంలో వచ్చాయా? అలాగైతే సగటు మోసం చేస్తుంది. జతజతకీ తేడా తీసి, 15 జతల్లో ఎన్నిట్లో లాంటానా వైపు తక్కువుందో చూడండి. 13 జతల్లో తక్కువుంటే ఒక మాట, 8 జతల్లో ఉంటే ఇంకో మాట. జతల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే విల్కాక్సన్ అనే గణాంక పరీక్ష దీనికి సరిపోతుంది, ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను పని. తర్వాత ఒక్కో చెట్టుజాతికీ విడిగా చూడండి. నీడని ఓర్చుకునేవి, ఓర్చుకోలేనివి ఒకేలా ఉండవు. లాంటానా కింద కొన్ని జాతులు బాగానే ఉన్నాయని తేలితే అది కూడా రాయండి, మీరు అనుకున్నదానికి ఎదురు వచ్చినా సరే.

ప్లాటు మూలల జీపీఎస్ బిందువులు, మేకు పాతిన చోటు నుంచి కనబడే గుర్తులు రిపోర్టుకి జతచేయండి. ముదుమలై అడవిలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు 1988లో వేసిన 50 హెక్టార్ల ప్లాటులో 1 సెంటీమీటరు వ్యాసం దాటిన ప్రతి చెట్టుకీ నంబరు బిళ్ళ ఉంది, దశాబ్దాలుగా అవే చెట్లని మళ్ళీ కొలుస్తున్నారు. ఏ చెట్టు ఎప్పుడు పుట్టింది, ఏది ఎప్పుడు పోయింది అన్నది అలా మళ్ళీ కొలిస్తేనే తెలుస్తుంది. మీ 30 ప్లాట్లని కూడా మీ జూనియర్లు ఐదేళ్ళ తర్వాత కొలవగలగాలి.

రిపోర్టు ఒక కాపీ రేంజ్ ఆఫీసుకి ఇవ్వండి. మీతో నడిచినాయన పెంటలో రెండు పేజీల తెలుగు సారాంశం చదివి వినిపించండి, వాళ్ళు కాదన్న చోట మళ్ళీ షీట్లు చూడండి. ఎర్రచందనం, గద్దగూళ్ళు, పులి జాడలు తగిలిన చోట్ల కచ్చితమైన బిందువులు మాత్రం పైకి పెట్టొద్దు. చూసిన జీవుల్ని నమోదు చేసే ఐనాచురలిస్ట్, ఈబర్డ్ లాంటి వెబ్‌సైట్లు ప్రమాదంలో ఉన్న చాలా జాతుల చోటుని వాటంతట అవే మసకబారుస్తాయి గానీ, ఫోన్‌లో తీసిన ఫోటోలో లొకేషన్ దాగి ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో డాక్యుమెంట్‌గా పంపే ముందు దాన్ని తీసేయండి.